కులం గడిలో ఏం రాయాలి?

2025 జూన్ 16న కేంద్ర ప్రభుత్వం జనగణన నోటిఫికేషన్ జారీ చేసింది. దేశంలో అత్యధిక ప్రాంతాలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించింది. కులాల వారీగా పూర్తి లెక్కలు ప్రచురించిన చివరి జనగణన 1931 నాటిది. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ప్రతి మనిషి కులం పేరూ నమోదు కాబోతోంది. అప్పటి నుంచి జుమా నమాజు ముగిశాక మసీదు మెట్ల మీద ఒకే ప్రశ్న వినిపిస్తోంది: "మౌలానా, ఆ గడిలో మనం ఏం రాయాలి?"

దీనికి రెండు జవాబులు ప్రచారంలో ఉన్నాయి. "ఇస్లాంలో కులమే లేదు, ముస్లిం అని రాసి ఊరుకోండి" అనేది ఒకటి. "రిజర్వేషన్ నిలవాలంటే అందరం షేక్ అనే రాద్దాం" అనేది రెండవది. మొదటి మాటలో భక్తి ఉంది, రెండవ దానిలో లౌక్యం ఉంది. మా దృష్టిలో రెండూ సరైనవి కావు. కారణం తెలియాలంటే ముందు ఒక మూల ప్రశ్నకు రావాలి. ఒక మనిషి ఫలానా వర్గానికి చెందినవాడని తేల్చేది ఎవరు? అతనా, ఇరుగుపొరుగా, లేక కాగితం పట్టుకున్న అధికారా?

ఎర్రమంజిల్ చెప్పే పాఠం

ఈ ప్రశ్న మనుషులకే కాదు, రాళ్లకూ ఎదురవుతుంది. హైదరాబాద్‌లో పంజాగుట్ట పక్కనున్న ఎర్రమంజిల్‌నే చూడండి. నిజాం కొలువులోని నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ఆ గుట్ట మీద కట్టుకున్న భవనం పేరు ఇరమ్ మంజిల్. ఉర్దూ చెవికి 'ఇరమ్' అంటే స్వర్గం లాంటి తోట. తెలుగు చెవికి వినిపించేది 'ఎర్ర'. ఇద్దరికీ తమదిగా తోచే పేరు అది. ఇది తెలుగు పేరా, ఉర్దూ పేరా అని ఎవరైనా గీత గీయబోతే ఆ గీతే తప్పు.

అదే భవనం 2019లో ఇంకో పాఠం నేర్పింది. అక్కడ కొత్త శాసనసభ కట్టాలని ఆ ఏడాది జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. విషయం హైకోర్టుకు వెళ్లింది. ఒకప్పుడు ఈ భవనం వారసత్వ కట్టడాల జాబితాలో ఉండేది. ఆ జాబితాకు ఆధారమైన నిబంధనను ప్రభుత్వం 2015లో తొలగించింది. ఇప్పుడు ఇది వారసత్వ కట్టడమా కాదా? గోడలు మారలేదు, కమానులు మారలేదు. మారింది జాబితా ఒక్కటే. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. జాబితాలో పేరు ఉండటం, లేకపోవడం రాతి భవనం ప్రాణానికే గండమైతే, బతికున్న మనుషుల సంగతి వేరే చెప్పాలా?

ఫిఖ్హ్ చూపిన మూడు దారులు

'ఎవరు ఎవరివారు' అన్న ప్రశ్న మన ఉలమాలకు కొత్తది కాదు. వంశాన్ని, అంటే నసబ్‌ను నిర్ధారించడం గురించి ఫిఖ్హ్ గ్రంథాలు వందల ఏళ్లుగా చర్చిస్తున్నాయి. అక్కడ ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తాయి.

మొదటిది ఇఖ్రార్. మనిషి తన నోటితో తాను ఒప్పుకోవడం, ప్రకటించడం. అయితే ఆ మాట నమ్మదగినదిగా ఉండాలి. ఇరవై ఏళ్లవాడు పాతికేళ్లవాణ్ని తన కొడుకంటే చెల్లదు.

రెండవది తసాము. అంటే ఊరంతా విని, ఎరిగి ఉన్న మాట. సాధారణంగా సాక్షి తాను కళ్లతో చూసినదే చెప్పాలి. కాని వంశం, పెళ్లి, మరణం వంటి కొన్ని విషయాల్లో నలుగురి నోటా స్థిరపడిన ప్రసిద్ధి మీద కూడా సాక్ష్యం చెప్పవచ్చునని హనఫీ ఫిఖ్హ్ అనుమతించింది.

మూడవది ఖియాఫా. బయటి నిపుణుడు శరీర లక్షణాలను బట్టి, పోలికలను బట్టి ఫలానా వాడు ఫలానా వాడి బిడ్డ అని చెప్పడం. హజ్రత్ జైద్ (ర) తెల్లగా, ఆయన కుమారుడు హజ్రత్ ఉసామా (ర) నల్లగా ఉండటంతో కొందరు అనుమానపు మాటలు అన్నారు. ముదిలిజ్ తెగకు చెందిన ఒక నిపుణుడు దుప్పటి బయట కనిపించిన వారి పాదాలు చూసి, ఇవి తండ్రీకొడుకుల పాదాలేనని చెప్పాడు. దైవప్రవక్త (స) ఎంతో సంతోషించారని హదీసుల్లో ఉంది. దీన్ని బట్టి ఇమామ్ షాఫిఈ (రహ్) వంటివారు ఖియాఫాను ఆధారంగా అంగీకరించారు. హనఫీలు అంగీకరించలేదు. ఉసామా (ర) వంశం అంతకుముందే స్థిరపడి ఉందని, నిపుణుడి మాట నిందలు వేసేవారి నోరు మూయించింది కాబట్టే ఆ సంతోషమని వారి వివరణ. పోలిక అనుమానాన్ని తీర్చవచ్చు గాని, స్థిరపడిన హక్కును తీసివేయడానికి పనికిరాదని దీని నుంచి మనం గ్రహించాలి.

తన మాట, ఊరి మాట, బయటివాడి కొలత. ఈ మూడింటినీ గుర్తుంచుకుంటే తక్కినదంతా తేలికగా అర్థమవుతుంది.

గణితం ఏమంటోంది?

1997లో ఆసా కాషర్ అనే తత్వవేత్త, ఏరియల్ రూబిన్‌స్టీన్ అనే ఆర్థికవేత్త ఇదే ప్రశ్నను గణితంలోకి దించారు. ఇద్దరూ ఇజ్రాయెల్‌వారు. అక్కడ 'యూదుడు ఎవరు' అన్నది పౌరసత్వంతో ముడిపడిన తగాదా. జ్ఞానం ఎవరి దగ్గర దొరికినా అందిపుచ్చుకోవాలన్నది మన పెద్దల మాట గనుక, వారు తేల్చినదేమిటో చూద్దాం.

ఒక బస్తీలో తొమ్మిది మంది ఉన్నారనుకోండి. వీరిలో ఖురేషీలు ఎవరో తేల్చాలి. ప్రతి ఒక్కరూ తనతో సహా తొమ్మిది మందిలో తన ఉద్దేశంలో ఎవరు ఖురేషీయో చీటీ మీద రాస్తారు. ఆ తొమ్మిది చీటీల నుంచి తుది జాబితా తయారుచేసే నియమం ఏది?

మొదటి నియమం: ఎవరి గురించి వారి చీటీయే చెల్లుతుంది. మనుషులందరినీ సమానంగా చూడాలి, అందరూ ఒప్పుకున్నది నిలవాలి, మద్దతు పెరిగితే స్థానం పోకూడదు, ఒకరి విషయం తేల్చడానికి ఇంకొకరి గొడవ అడ్డురాకూడదు, తన గురించి తాను చెప్పే మాటకు కొంత విలువ ఉండాలి అన్న షరతులన్నీ కలిపి పెడితే చివరికి మిగిలేది ఈ నియమం ఒక్కటేనని వారు నిరూపించారు. ఇది మన ఇఖ్రార్.

వారు చూపిన మరో ఫలితం భయపెట్టేది. తుది జాబితాలో కొందరు తప్పకుండా లోపల, కొందరు తప్పకుండా బయట ఉండాలని పట్టుపట్టామనుకోండి. ప్రతి చీటీకీ అదే షరతు పెట్టి, అందరూ ఒప్పుకున్నది నిలవాలని, ఒక్కొక్కరి విషయమూ విడివిడిగా తేలాలని కూడా కోరామనుకోండి. అప్పుడు తొమ్మిది మందిలో ఎవరో ఒక్కడి చీటీయే అందరి తలరాతా అవుతుంది. తక్కిన ఎనిమిది చీటీలు చిత్తుకాగితాలే.

2003లో డోవ్ సామెట్, డేవిడ్ ష్మైడ్లర్ అనే ఇద్దరు పండితులు మధ్యేమార్గం చెప్పారు. లోపలికి రావాలనుకునేవాడు తన మాటతో పాటు ఇంతమంది సమ్మతి చూపాలి. బయటికి పోవాలనుకునేవాడు కూడా తన మాటతో కలిపి ఇంతమంది సమ్మతి చూపాలి. ఈ రెండు సంఖ్యల మొత్తం సభ్యుల సంఖ్య కంటే రెండుకు మించి ఎక్కువ కాకూడదు. తొమ్మిది మందికి పదకొండు దాటకూడదన్నమాట. దాటితే 'నేను వీరిలో వాణ్ని కాను' అన్నప్పుడు లోపల ఉంచి, 'వీరిలో వాణ్నే' అన్నప్పుడు బయటికి నెట్టే విడ్డూరం జరుగుతుంది. తన మాటకు ఊరి మాట తోడు కావాలనడం మన తసాము లాంటిదే. ఎంత తోడు కావాలన్నదే తగాదా.

చట్టం రాసిన జాబితా

ఇక మన రాష్ట్రాల సంగతికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ముస్లింలందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ ఇస్తే హైకోర్టు కొట్టివేసింది. 2005లో తెచ్చిన చట్టమూ నిలవలేదు. మతం మొత్తాన్ని ఒక వెనుకబడిన వర్గంగా చూడలేమన్నది అభ్యంతరాల్లో ముఖ్యమైనది. 2007లో విశ్రాంత ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా బీసీ-ఇ పేరుతో 4 శాతం చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 మెజారిటీతో దాన్నీ కొట్టివేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు 14 వర్గాలకు కొనసాగించేలా మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. వేలాది మంది మన పిల్లలు ఇంజనీర్లుగా, డాక్టర్లుగా మారింది ఈ మధ్యంతర నీడలోనే.

ఆ జాబితా చదివితే మన చరిత్ర కళ్లకు కడుతుంది. అచ్చుకట్టలవాండ్లు, అత్తరు సాయిబులు, తురక చాకలి, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, హజామ్, లబ్బి, ఖురేషీ, షేక్, సిద్ది, తురక కాశ... చాలావరకు పని పేర్లే. తిరగళ్లకు, రోళ్లకు కక్కు కొట్టి పొట్టపోసుకునేవారిని ఊరు ఏ పేరుతో పిలిచిందో ఆ పేరే చట్టంలోకి ఎక్కింది. దూదేకులవారు, మెహతర్లు అంతకుముందే వేరే బీసీ జాబితాల్లో ఉన్నారు.

కాని చట్టం రాసినప్పుడు పదిహేనవ అంశంగా చేర్చినది వేరే రకం. 'ఇతర ముస్లిం వర్గాలు' అని రాసి, సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా, ఖోజా, కచ్చీ మెమన్, జమాయత్, నవాయత్ అనే పదింటిని మినహాయించారు. గమనించండి. మొదటి పద్నాలుగు అంశాల్లో మనిషి 'నేను ఫలానా' అని చూపాలి. పదిహేనవ దానిలో 'నేను ఫలానా కాను' అని చూపాలి. ఒక వర్గానికి చెందినవాడినని పెద్దల పేర్లు చెప్పి చూపవచ్చు. పది వర్గాల్లో దేనికీ చెందనని ఏ కాగితం చూపిస్తుంది? పేరు చివర ఖాన్ అని ఉంటే పఠాన్ అని అనుమానం. పేరు ముందు సయ్యద్ అని ప్రేమతో పెట్టుకుంటే ఆ కుటుంబమంతా అనుమానితులే. మన పేర్లు బిరుదులు, ముద్దులు, పీర్ల మీది అభిమానం కలిసి తయారైనవి. వాటిని వంశవృక్షాలుగా చదివితే పొరపాటు తప్పదు.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

వెనుకబాటును కొలవడంలో మన దేశం చాలా కసరత్తు చేసింది. 1980 నాటి మండల్ నివేదిక 11 సూచికలు తీసుకుంది. సామాజికమైన నాలుగింటికి మూడేసి, విద్యకు సంబంధించిన మూడింటికి రెండేసి, ఆర్థికమైన నాలుగింటికి ఒక్కొక్కటి చొప్పున మొత్తం 22 మార్కులు. 11 వస్తే వెనుకబడిన వర్గం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 6న ఇంటింటి కుల సర్వే మొదలుపెట్టింది. దాని లెక్కలను పరిశీలించిన జస్టిస్ సుదర్శన్ రెడ్డి నేతృత్వంలోని నిపుణుల బృందం 242 కులాలను 42 అంశాలతో తూచి, 2025 జులైలో నివేదిక ఇచ్చింది.

ఈ తక్కెడలు మంచివే. కాని ఇవి జవాబిచ్చేది రెండవ ప్రశ్నకు. ఏ వర్గం ఎంత వెనుకబడింది అన్నది ఆ ప్రశ్న. ఏ మనిషి ఏ వర్గంలోవాడు అన్న మొదటి ప్రశ్న అప్పటికే తేలిపోయిందని వాటి నమ్మకం. అది తేలేది ఎక్కడ? గుమ్మం ముందు నిలబడిన ఎన్యూమరేటర్ కోడ్ నంబరు రాసుకునే ఆ రెండు నిమిషాల్లో.

2025 ఫిబ్రవరిలో వెల్లడించిన సర్వే అంకెల ప్రకారం బీసీ ముస్లింలు జనాభాలో 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే రాష్ట్రంలోని ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు బీసీలు. అంకె వచ్చిన వెంటనే రాజకీయ దుమారం లేచింది. బీసీల వాటాలో ముస్లింలను ఎలా కలుపుతారని కొందరు అడిగారు. ఆ నలుగురూ ఎవరి మాట మీద ఆ గడిలోకి వచ్చారో మనం నిలబడి చెప్పగలగాలి. చెప్పలేకపోతే దుమారానికి జవాబు లేదు.

అదుపు లేని స్వీయ ప్రకటనకూ ఇబ్బంది ఉంది. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో నోటికి వచ్చిన పేరు వచ్చినట్టు రాసుకున్నారు. 1931లో 4,147 కులాలు లెక్కకు వస్తే, ఈసారి 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు తెలిపింది. ఇంటిపేరు, గోత్రం, ఉపకులం, అక్షర దోషం అన్నీ కులాలే అయ్యాయి. ఎవరి మాట వారిదే అయినా, ఆ మాటను నలుగురికీ ఒకేలా వినిపించే పేరు కావాలి.

యంత్రం ఖియాఫా

బయటివాడి కొలత ఎంత దూరం పోగలదో చూడటానికి మళ్లీ ఎర్రమంజిల్‌కే రావాలి. రాష్ట్రంలో రేషన్ కార్డుల వ్యవహారం నడిచే పౌర సరఫరాల భవన్ ఇక్కడే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను తెచ్చింది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, కరెంటు బిల్లుల వంటి వేర్వేరు రికార్డుల్లోని పేర్లు, చిరునామాలు పోల్చి, ఇది ఫలానా మనిషేనని అది అంచనా వేస్తుంది. కారు ఉన్నవాడు పేదల గడిలో ఉండకూడదు గదా! పోలికను బట్టి వంశం చెప్పిన పాత నిపుణుడి స్థానంలో యంత్రం కూర్చుంది.

ఒకే వీధిలో పది మంది మహమ్మద్ అలీలు ఉండే మన సమాజంలో ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఒకరు 'మొహమ్మద్' అని, ఒకరు 'ఎండీ' అని రాసుకుంటారు. ఎవరిదో కారు ఎవరి నెత్తినో పడుతుంది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల విషయంలో ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. యంత్రం అనుమానించవచ్చు, తీర్పు చెప్పకూడదు అన్న హనఫీ సూత్రానికి దగ్గరి మాటే ఇది.

కుల ధ్రువపత్రాల్లోనూ ఇలాంటిదే జరిగింది. ఆచారాలు, పెళ్లి తంతులు, దేవతల పేర్లు అడిగి, ఫలానా తెగతో పొంతన కుదిరిందా లేదా అని అధికారులు చూసేవారు. ఆ పొంతన పరీక్ష ఒక్కటే గీటురాయి కాదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. తాత ముత్తాతల కాగితాలు నిజమని తేలితే పరీక్షతో పని లేదు.

అయినా రాజ్యం మాటలో ఒక పొంతన కుదరనితనం మిగిలే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. పాకీపని చేసే మెహతర్ ముస్లింకు మాత్రం చోటు లేదు. అంటే అక్కడ మతమే గీత. బీసీ-ఇ దగ్గరకు వచ్చేసరికి మతం గీత కాకూడదంటారు. రెండు తలుపులకూ ఒకే తాళం వేసి, రెండు చోట్లా మనల్నే బయట నిలబెడితే ఎలా?

మన వంతు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సూరా హుజురాత్‌లో అల్లాహ్ మానవులను జాతులుగా, తెగలుగా చేసింది పరస్పరం గుర్తుపట్టడానికేనని, ఆయన దగ్గర గౌరవం దైవభీతికేనని తెలియజేశాడు. ఉలమాలు దీన్ని తఆరుఫ్ అంటారు, పరిచయం అన్నమాట. తఫాఖుర్, అంటే గొప్పలు చెప్పుకోవడం దీనికి విరుద్ధం. పేరు చెప్పడం తప్పు కాదు. పేరుతో ఒకణ్ని ఎక్కువ, ఒకణ్ని తక్కువ చేయడం తప్పు. 'ఇస్లాంలో కులం లేదు' అనేవారిని మేం ఒకటే అడుగుతున్నాం. మసీదులో భుజం కలిపి నిలబడినవారు పెళ్లి సంబంధం దగ్గర హజామ్ ఇంటికి ఎందుకు వెళ్లరు? ఆ గోడను మన ఇళ్లలో ఉంచుకుని, జనగణన కాగితంలో మాత్రం లేదని రాస్తే అది సమానత్వం కాదు. అది దెబ్బ తిన్నవాడి నోరు మూయడం.

అందరం షేక్ అని రాద్దామనేవారికీ ఒక మాట. షేక్ వర్గం నిజంగా ఉంది, వారు నిశ్చింతగా అలాగే రాయాలి. కాని తెలిసీ తనది కాని వంశాన్ని తనదని చెప్పుకోవడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. ధర్మం అటుంచి లెక్క ప్రకారం చూసినా ఇది నష్టమే. గారడీ సాయిబులు, తురక కాశలు, ఫకీర్లు అందరూ షేక్ గడిలో కలిసిపోతే వారి పేదరికం సగటులో మునిగిపోతుంది. వారి పేర ఒక్క అంకె కూడా మిగలదు. రేపు రాజ్యాంగ ధర్మాసనం ముందు 'ఈ వర్గం ఎంత వెనుకబడింది?' అన్న ప్రశ్న వస్తే చూపడానికి ఏముంటుంది?

కాబట్టి ప్రతి ఇంట్లో పెద్దలను అడిగి, తాతగారు ఏ పని చేసేవారో, ఊరు ఏమని పిలిచేదో తెలుసుకుని రాసిపెట్టుకోండి. స్కూలు రికార్డులో, ధ్రువపత్రంలో, జనగణనలో ఒకే పేరు, ఒకే అక్షరక్రమం ఉండేలా చూడండి. సయ్యద్, పఠాన్ కుటుంబాలవారు కూడా తమ నిజమైన పేరే రాయాలి. వారి నిజాయితీయే పేద సోదరుడి హక్కుకు సాక్ష్యం. మసీదు కమిటీలు ఊరి ఎరుకను, తసామును అందించడానికి ముందుకు రావాలి. ఎవరు ఏమిటో తీర్పు చెప్పడానికి కాదు, అడిగినవారికి తోడు నిలవడానికి.

ప్రభుత్వాన్ని కోరేదీ అంతే. మనిషి మాటతో మొదలుపెట్టండి, ఊరి మాటతో సరిచూడండి, యంత్రాన్ని చివర ఉంచండి. కాదన్నప్పుడు కారణం చెప్పండి, అప్పీలు చేసుకోవడానికి దారి ఉంచండి.

తొమ్మిది చీటీల లెక్కలో ఒక్కడి చీటీయే అందరి తలరాత కావడాన్ని చూశాం. మన చీటీ మనం రాయకపోతే ఆ ఒక్కడు ఎవరైనా కావచ్చు. ఎన్యూమరేటర్ తలుపు తట్టే రోజు రాకముందే నిజం చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.